దూదితునకల దిగ్విజయము

చిత్రావతిలో నీరున్నదో లేదో ఆ చిత్రావతికే తెలియని మార్గశిరమాసమున, సూర్యభగవానుడు సైతము స్వెటరు వెదకికొనుచున్నట్లు మబ్బుచాటున ముడుచుకొన్న యొకానొక శనివారపు మధ్యాహ్నమున, హైవే మీది లారీల హారన్లు శంఖారావములుగను, పొరుగింటి కుక్కరు కూతలు భేరీభాంకారములుగను దిక్కులు పిక్కటిల్ల మ్రోగుచుండగా, బాగేపల్లి పట్టణమున బస్టాండు వెనుక వీధిలో, మేడమీది గది యను రణక్షేత్రమందు, పాతపాళ్య పాఠశాలోపాధ్యాయిని, బాలకోలాహలనిగ్రహనిపుణ, సుద్దముక్కాయుధధారిణి యగు మంజుశ్రీ, ఒంటిపూట బడి ముగించుకొని వచ్చి, చాప పరచి, మేకుకు వ్రేలాడుచున్న యొక గుడ్డసంచిని దించి, దాని మూతి విప్పెను.

అందులో నున్నవి దూదితునకలు. బొంత కుట్టునప్పుడు పైగుడ్డకు, అడుగుగుడ్డకు నడుమ పరచు దూదిపొరను కొలతకు కత్తిరించగా అంచులలో మిగిలినవి. బెత్తెడువి కొన్ని, జానెడువి కొన్ని, ఏ కొలతకును లొంగని వంకరటింకరవి అనేకములు. వానిని కూడబెట్టినది మంజుశ్రీకి అత్తగారు, సూదీశ్వరి, కార్పాసవంశరక్షాదక్ష, పాలిస్టరుదర్పభంజని యగు అక్కయమ్మ. ఎదురింటి సుజాతమ్మ అంగడిలో కొన్న మెరుపుల బొంతను ఒకనాడు మురిపెముగా చూపగా, అక్కయమ్మ దానిని రెండు వ్రేళ్ళతో నొక్కి చూచి, “ఇది కప్పుకుండేదానికా, కూరగాయలు తెచ్చేదానికా?” అని అడిగినది. నాటి నుండి ఆ వీధిలో పాలిస్టరు తలయెత్తలేదు.

ఆషాఢములో అక్కయమ్మ పోయినది. సంచి మేకుకు అట్లే యుండెను.

ఇప్పుడు దానిని దించవలసిన పని పడినది. ఆ యింటి ఆచారము ప్రకారము, పసిబిడ్డను తొట్టెలో వేయునపుడు పరచు మొదటి బొంత అమ్మమ్మ చేతిదై యుండవలెను. అక్కయమ్మ కూతురు అంబిక చింతామణిలో అత్తగారింట ఆడబిడ్డను కని, మరునాడు ఆదివారము తొట్టెలో వేయుటకు ముహూర్తము పెట్టుకొన్నది. అమ్మమ్మ లేదు, ఆ పని వదినకు వచ్చినది. అంబిక ఫోనులో ఎక్కువ మాటలాడలేదు. “కొత్త దూది కొనొద్దు వదినా. అమ్మ సంచిలో ఉండాది గదా, దాంతోనే కుట్టు. పాప కింద అమ్మది ఏదన్నా ఉండల్ల” అని పెట్టివేసినది.

కార్యము అంతటితో తీరునది కాదు. బిడ్డను పరుండబెట్టుటకు ముందు బొంతపై అరచేయి ఆడించి చూచు అధికారము అంబిక అత్తగారు లక్ష్మీదేవమ్మది. ఆమె కెంచార్లహళ్ళి ఆడపడుచు, రాగిపిండిలోని ఇసుకరేణువును సైతము వ్రేలికొసతో పట్టి బయటికి తీయు మహాతల్లి. ఆమె చేతికి చిన్న గట్టు తగిలినను అక్కయమ్మ దూది పక్కకు పోవును. అంగడిబొంత తొట్టె నెక్కును.

మంజుశ్రీ మొదట తనకు తెలిసిన యుద్ధవిద్యనే నమ్మెను. ఏటేట బడిగోడకు చార్టులు పెట్టునప్పుడు, ఒకదాని అంచుపై మరొకదాని అంచు వేసి బంక పూయుట ఆమె వాడుక. అట్లే తునకపై తునకను ఎక్కించి, దారము లాగి లాగి బిగించి కుట్టుచు పోయెను. నడుమ ఒక తుమ్ము వచ్చెను. ఇంకను కుట్టుపడని సేన యంతయు చెల్లాచెదరై మంచము క్రిందికి పారిపోగా, మోకాళ్ళపై ప్రాకి వానిని బందీలుగా పట్టి తెచ్చెను. తీరా అరచేయి ఆడించి చూడగా, ప్రతి అతుకు దగ్గరను ఒక్కొక్క గుడిబండె కొండ లేచి నిలిచి యున్నది.

టీ తెచ్చిన భర్త నాగరాజ్ కూడ చేయి పెట్టి చూచెను. “సర్వీసు రోడ్డులో గూడా ఇన్ని హంపుల్లేవే” అనెను. అటుపిమ్మట, తానిప్పుడు బస్సెక్కిన యెడల చీకటి పడులోపల చిక్కబళ్ళాపురము నుండి కొత్త పొర తేగలనని, చెల్లెలికి ఈ సంగతి ఎవరును చెప్పబోరని, గోడవైపు చూచుచు మెల్లగా సెలవిచ్చెను.

అప్పుడా వీరాంగన సూది చేబూని లేచి నిలిచి, చాపమీది సేనను కలయజూచి, మనసున ఇట్లు గర్జించెను: “కార్పాసకులసంజాతలారా, వేరువేరు బొంతల అంచుల నుండి తెగిపడి, ఎవరికిని అక్కరలేక, ఒక్క చేతి దయవలన ఒక్క సంచిలో బ్రతికిన మీకు, ఇన్నేండ్ల సహవాసము పిమ్మటనైనను ఒకరి పక్కన ఒకరు కూర్చుండుట రాకపోయెనా? ఒకరి భుజముపై ఒకరు ఎక్కుట మా రెండవ తరగతికి చెల్లును, మీకు చెల్లునా?” పైకి మాత్రము, “బస్సూ వద్దు, ఏమీ వద్దు. టీ ఆడ పెట్టండి” అనెను. నాగరాజ్ టీ పెట్టి, క్రిందికి దిగిపోయెను.

గర్జనకు గట్లు అణగలేదు. ఆమె చూపు మంచము మీది బొంతపై పడెను. తాను కోడలై వచ్చిన యేట అక్కయమ్మ కుట్టి యిచ్చినది. ఇన్ని చలికాలములు కప్పుకొనియు ఏనాడును అందులో ఒక అతుకు ఒంటికి తగులలేదు. అతుకులు లేవా, లేక ఉండియు దాగినవా? తెలిసికొనుటకు ఒక మూల విప్పవలెను. మంజుశ్రీ బ్లేడు తెచ్చుకొని, ఆ మూల దగ్గర కూర్చుండెను. ఆ కుట్టు వేసిన చేయి ఇప్పుడు లేదు. కుట్టు ఉన్నది. టీ చల్లారెను. అప్పుడు ఒక్కొక్క పోగే తెంపెను.

లోపల అతుకులే అతుకులు. ఎర్రదారము, పచ్చదారము, ఏ రవిక కుట్టగా మిగిలిన దారమైతే ఆ దారము. కాని ఏ తునకయు మరొకదానిపై ఎక్కలేదు. అంచులు ఏటియొడ్డు వలె వంపులుగా కత్తిరింపబడి, ఒకదాని వంపులో మరొకటి ఒదిగి ఆనుకొని యుండగా, దారము అటొకసారి ఇటొకసారి తీరికగా నడచి వానిని కలిపెను. బిగించి లాగిన కుట్టు ఒక్కటియు లేదు. ఆ నడుమ, అరచేయంత మేర, తెల్లగా మెరయుచు, నొక్కిన వెంటనే పైకి లేచుచు, సిగ్గు లేక కూర్చున్న పదార్థ మొకటి కనబడెను.

పాలిస్టరు.

మంజుశ్రీ మరల నొక్కి చూచెను. సందేహము లేదు. పాలిస్టరుదర్పభంజని, దూది చాలక, దానిని లోపల కుక్కి, ఏమియు ఎరుగనట్లు పైన కుట్టి, ఆ మీదట వీధిలో నిలిచి సుజాతమ్మను అంతమాట అన్నది. మంజుశ్రీకి నవ్వు వచ్చెను, ఎంతసేపటికిని ఆగలేదు. ఏమైందని నాగరాజ్ క్రిందినుండి అడిగెను. “ఏం లేదు. మీ అమ్మ” అని మాత్రము చెప్పి, ఆ మూలను పాత రంధ్రములలోనే సూది దించి మూసివేసెను.

ఇక ఆ మహాయోధురాలు, కట్టిన కోటలను తానే కూల్చి, కత్తెర యను చంద్రహాసముతో అంచులన్నింటిని వంపులు దీర్చి, ఎన్నడో ఎవరి పెండ్లికో కుట్టిన బొంత తునకను, మరెవరి పురిటికో కుట్టిన దాని తునక పక్కన కూర్చుండబెట్టి, లాగక, బిగింపక, చేయి వదులు చేసికొని కుట్టుచు పోగా, సూర్యుడు గుడిబండె వైపు జారుకొనువేళకు పొర యంతయు ఒక్కటయ్యెను, నడుమ అరచేయంత ఖాళీ తప్ప. సంచిని తలక్రిందులు చేసి దులుపగా, తుప్పుపట్టిన పిన్నీసు ఒక్కటి రాలెను. మంజుశ్రీ గది నలుమూలలు పరికించెను. మంచముపై నాగరాజ్ తలగడ, లావుగా, ఏ పాపము ఎరుగక, పరుండి యున్నది. ఆమె దాని మూతి విప్పి పిడికెడు పాలిస్టరు తీసి, చదును చేసి, ఆ ఖాళీలో దించి, అంచులు కలిపి, పైన గుడ్డ పరచి కుట్టివేసెను.

మరునాడు చింతామణిలో, పూలు చుట్టిన తొట్టె ముందర, లక్ష్మీదేవమ్మ కనులు మూసికొని బొంతపై అరచేయి పెట్టెను. ఆ చేయి అంచు నుండి బయలుదేరి, నట్టనడుమకు వచ్చి, ఆగెను. లక్ష్మీదేవమ్మ గాజులు పైకి జరుపుకొని, అవతలి అంచు దాక పోయెను.

“ఇది అక్కయమ్మ చేతిదే. ముందే కుట్టి పెట్టిండాది, చూడు. ఆయమ్మ బొంతలో పాలిస్టరు పోగు ఒకటన్నా చూపించమను.”

అంబిక వదిన మొగము చూచెను.

“అవునమ్మా, ఆమె చేతిదే” అనెను మంజుశ్రీ.

అంబిక బిడ్డను పరుండబెట్టెను.

కావున అష్టదిక్పాలకులకును, హైవేమీది లారీలకును తెలియవలసినది ఏమనగా, ఆ ఆదివారమున చింతామణిలో ఒక అరచేయి ఒక బొంతపై ఈ అంచు నుండి ఆ అంచు దాక ఎక్కడను తట్టుకొనక పోయినది. నాగరాజ్ తలగడ మాత్రము నాటి నుండి ఒకవైపు పల్లమైనది. ఎందుకని అతడు రెండు మూడుసార్లు అడిగెను. మంజుశ్రీ చెప్పలేదు. అది అత్తాకోడళ్ళ మధ్య మాట.