కొమ్ము విరిచిన రాజుగారు

కొల్లేటి సరోవరమున గూడబాతులు తమ సంచి ముక్కులను ఉదయభానుని కిరణములలో ఆరవేసుకొనుచుండగా, కలిదిండి చెరువుల మీద నీటికి గాలి నింపు ఏరేటర్లు తెల్లని నురుగు చిమ్ముచు మేఘగర్జనల ననుకరించుచుండగా, ఊరూర గోడలపై నెలనాళ్లలో ఆంగ్లము ప్రసాదింతుమను రంగు రాతలు వెలసి, సెల్లుఫోను గలవాడెల్ల దానిని పదిమందికి కనబడునట్లు చొక్కా జేబున ధరించి తిరిగిన ఆ ఇరువదియొకటవ శతాబ్దపు తొలి దశాబ్దమున, ఓ శ్రోతలారా, ఒక మహాయుద్ధము జరిగెను. అందు రక్తము చిందలేదు. కొంత ఉమ్మి మాత్రము చిందెను.

ఆ యుద్ధమునకు నాయకుడు కలిదిండి నివాసి, నీలకంఠ రొయ్యల చెరువులకు ప్రభువు, శ్రీ అబ్బాయిరాజుగారు. తుపాను గట్టు తెంచిన నాడు నడుములోతు నీట నిలిచి, ఇసుకబస్తాలు చాలకున్న చోట తానే బస్తాయై అడ్డుపడిన ధీరుడు. తెగులు సోకి చెరువు చెరువంతయు తేలిపోయిన ఏట సైతము మీసము దించని మానధనుడు. అట్టి వీరవరేణ్యుని, అరువదేండ్ల దరిదాపున, నలుగురిలో పడగొట్టినది శత్రువు కాదు, వ్యాధి కాదు, బ్యాంకు కాదు. ఒక అక్షరము. నిజమునకు పూర్తి అక్షరమైనను కాదు. అక్షరము పక్కన వేలాడు కొమ్ము.

అది ఎట్లనిన, తాడేపల్లిగూడెమున తాతాజీ కూతురి ఓణీల వేడుక జరిగెను. ఈ తాతాజీ రాజుగారి ధర్మపత్ని వరమ్మగారికి తమ్ముడు. సింగపూరు రేవులో కొన్నాళ్లు కొలువు చేసి, మంచినీళ్లను ‘వాడర్’ అని పలుకు దివ్యవిద్యతో తిరిగివచ్చినవాడు. డాక్టర్లును, ప్లీడర్లును, మిల్లు యజమానులును కొలువుదీరిన ఆ సభలో, మేనమామ వరుసవారి ముచ్చట్లు ముగియగానే, పెద్దవారు గనుక రెండు మాటలు చెప్పుడని మైకు రాజుగారి చేతికిచ్చిరి. ఆయన గొంతు సవరించుకొని, సభను కలయజూచి, సింహనాదమువలె పలికెను.

“గుడ్డు మార్నింగు!”

తాతాజీ రెండవ మైకు అందుకొనెను.

“ఏవండోయ్ వంటవాళ్లూ! మా బావగారికి పొద్దున్నే గుడ్డు కావాలంట. ఉడకబెట్టింది తెమ్మంటారా బావగారూ, అట్టు వేయించమంటారా?”

సభ సముద్రమువలె ఘూర్ణిల్లెను. బావమరిది బావను ఆటపట్టించుట మన దేశమున ధర్మసమ్మతమే గనుక ఎవరును తప్పుపట్టలేదు. రాజుగారును నవ్వెను. కాని పక్కకు తిరిగి చూడగా, వరమ్మగారు పమిటచెంగు నోటికి అడ్డము పెట్టుకొనియుండెను. నోరు దాగెను గాని భుజములు కదలుట దాగలేదు. ఆ బాణము మాత్రము లోతుగా దిగెను.

పుండు మానకముందే కారము పడెను. ఇంగ్లండు దేశమునుండి రిచర్డ్ అను రొయ్యల వర్తకుడు పై నెలలో రాజుగారి చెరువులు చూడవచ్చుచున్నాడని ఎగుమతి కంపెనీవారు కబురంపిరి. ఆ వార్త గాలికంటె వేగముగా తాడేపల్లిగూడెము చేరెను. వెంటనే తాతాజీ ఫోను మోగెను.

“బావగారూ, మీరేం కంగారు పడకండి. నేనొచ్చి మాట్లాడతాను కదండీ. మీరు తెల్లపంచె కట్టుకుని నవ్వుతూ నిలబడండి, చాలు. నోరు మాత్రం విప్పకండి.”

ఫోను పెట్టి రాజుగారు వసారాలో కొంతసేపు అటునిటు తిరిగెను. పిమ్మట స్తంభము పట్టుకొని, కాఫీ తెచ్చిన వరమ్మగారి వైపు తిరిగి, ప్రళయకాల మేఘమువలె గర్జించెను.

“వరం! వినుము! సూర్యుడు పడమట పొడుచుగాక, కొల్లేరు బీటలు వారుగాక! నేను తవ్వించిన చెరువు, నేను పోయించిన గట్టు, నేను పెంచిన రొయ్య, వాటి నడుమ నేను కొయ్యబొమ్మనై నిలువవలెనా? ఆ దొరకు శుభోదయము నా నోటనే పలికెదను. కొమ్ము లేకుండ పలికెదను. పలుకలేనినాడు ఈ మీసము...”

“మీసం జోలికి వెళ్లకండి,” అనెను వరమ్మగారు గ్లాసు చేతికిచ్చుచు. “కిందటిసారి పందెం వేసి తీయించుకుంటే పాలవాడు మీరెవరండీ అని అడిగాడు. ఏలూరు పవర్‌పేటలో జాయ్సీ అని ఒకమ్మాయి స్పోకెన్ ఇంగ్లీషు చెబుతుందంటండి. హైదరాబాదులో ఉండి అమెరికా వాళ్లతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం చేసొచ్చిందంట. ఓసారి వెళ్లి రండి.”

రాజుగారు స్వరము తగ్గించెను.

“మీ తమ్ముడికి చెప్పకు.”

“చెప్పనండి.”

“ఎవరికీ చెప్పకు. మేత బస్తాల కోసం వెళ్లానని చెప్పు.” పిమ్మట మరింత మెల్లగా, “నువ్వు కూడా నవ్వావు,” అనెను.

వరమ్మగారు ఖాళీ గ్లాసు అందుకొనెను. “నవ్వొచ్చిందండి. ఏం చెయ్యను? అందుకే కదా వెళ్లమంటున్నాను.”

అట్లు ఆ వీరుడు విద్యార్థియై ఏలూరికి దండు వెడలెను. జాయ్సీ చిన్నది, చురుకైనది. ఆమె పలుకగా వినువారికి అట్లాంటిక్ సముద్రము పవర్‌పేట మలుపులోనే ఉన్నట్లు తోచును. డిగ్రీ కుర్రకారు వెళ్లిపోయిన తరువాత ఆమె రాజుగారిని ఎదుట కూర్చుండబెట్టెను.

“అనండి సార్. గుడ్.”

“గుడ్డు.”

“గుడ్.”

“గుడ్డు. అదేగా అమ్మా నేను అంటున్నది?”

“కాదండి. మీరు గుడ్డు పెడుతున్నారు,” అనేసి, ఆమె నాలుక కరచుకొనెను. “సారీ సార్. అంటే, చివర ఉ పెడుతున్నారండి. మీ ఒక్కరి తప్పు కాదు. మన భాషే అంత. వచ్చిన చుట్టాన్ని అన్నం పెట్టకుండా పంపించనట్టు, వచ్చిన ఇంగ్లీషు మాటని చివర అచ్చు పెట్టకుండా వదలదు. బస్సు, రోడ్డు, లైటు, గేటు. అన్నిటికీ పెట్టాం. ఇప్పుడు ఒక్కదానికి తీసెయ్యాలంతే.”

అంతే! ఆ ‘అంతే’ అను మాటలో ఎన్ని అక్షౌహిణులు దాగియున్నవో అప్పుడు వారిరువురికిని తెలియదు. ఉకారము సామాన్య శత్రువు కాదు. అది రాజుగారికి ఉగ్గుపాలతో అబ్బినది, ఆయన నాలుకపైనే పుట్టి, పెరిగి, ఇల్లు కట్టుకొనినది. పెదవులు బిగించి వాకిలి మూయగా ముక్కునుండి వెడలెను. ఊపిరి బిగబట్టి ముట్టడింపగా ఎక్కిళ్ల రూపమున ఎదురుదాడి చేసెను. ఒకనాడు ఉకారమును తరిమితినని ఆయన సంతసించులోపల దాని తోబుట్టువగు అకారము ఆ పీఠమెక్కి ‘గుడ్డ’ అయి కూర్చుండెను. గుడ్డుకంటె గుడ్డ మేలని చెప్పుటకు జాయ్సీకి నోరు రాలేదు.

కలిదిండిలోను పోరు ఆగలేదు. రాజుగారు గట్టు వెంబడి నడచుచు, ‘గుడ్’ అని, తదుపరి కొమ్ము జారిపోకుండ దవడలు బిగించి, బుగ్గలు పొంగించి, కన్నులు మూసి నిలిచిపోవుచుండెను. అది చూచిన చెరువు మనుషులు గుసగుసలు పోయి, పాపము రాజుగారికి పన్ను నొప్పి అని నిశ్చయించిరి. ఒకరు లవంగ నూనె పంపిరి. ఒకరు జామాకు కషాయము మంచిదనిరి. ముదినేపల్లి నుండి చుట్టము పరామర్శకు వచ్చి, పన్ను పీకించుకొనుట ఉత్తమమని సలహా ఇచ్చి, పీకించుకొనిన తన దవడ తెరచి చూపిపోయెను. రహస్యము కాపాడుకొనుటకై ఆ ధీరోదాత్తుడు అన్నిటికిని తల ఊపి, లవంగ నూనె కూడ రాసుకొనెను. నాలుక మొద్దుబారి ఆ దినము సాధన చెడెను.

దొర వచ్చు వారము సమీపించెను. ఏలూరిలో ఆయన కుర్చీ నుండి లేచి కండువా దులిపెను.

“ఇది మా నోటికి రాదమ్మా. వదిలేద్దాం. ఆ తాతాజీయే మాట్లాడతాడు.”

జాయ్సీ బస్సుల మోత వినరాకుండ కిటికీ తలుపు మూసెను.

“ఓ మాట చెప్పనా సార్? ఆ ఫోన్ల ఉద్యోగంలో నా పేరు జెన్నీ అండి. రోజంతా వాళ్లలాగే మాట్లాడేదాన్ని. ఒక్క ఉ జారినా మా పైవాళ్లు మార్కులు కోసేసేవారు. సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, ‘అమ్మా, బస్సు లేటు, రోడ్డు బ్లాకు’ అంటుంటే, ఎంత హాయిగా ఉండేదోనండి. బిగుతు చెప్పులు విప్పినట్టు. మీ కొమ్ములో తప్పేం లేదు. మీరు మానెయ్యాలంటే మానెయ్యండి. కానీ ఆ రోజు మీరు మాట్లాడాలని మీకుందా, లేదా?”

“ఉందమ్మా.”

“అయితే చెప్పండి, చెరువులోకి వచ్చే నీళ్లు ఆపాలంటే ఏం చేస్తారు?”

“తూముకి పలక దించేస్తాం.”

“దించి, మళ్లీ ఎత్తుతారా?”

“ఎత్తితే ఎలాగమ్మా? నీళ్లు వచ్చెయ్యవూ?”

“అదేనండి! మీ నాలుకే పలక. అంగిలికి ఆనించి మూసెయ్యండి. ఎత్తకండి.”

రాజుగారు కూర్చుండెను. తూము తలచుకొనెను. పలక దించెను.

“గుడ్.”

జాయ్సీ రెండు చేతులతో బల్ల చరచెను. రాజుగారు ఆనందపరవశుడై, “వచ్చిందమ్మా! గుడ్డు వచ్చేసింది!” అని కేక వేసెను. శత్రువు మరల కోట ఎక్కెను. అయినను ఒకసారి కూలిన గోడ మరల కూలకపోదని ఇరువురికిని నమ్మకము కుదిరెను.

ఆ దినము రానే వచ్చెను. గట్టుపై షామియానా, కొబ్బరిబొండాలు, పూలదండ. తాతాజీ మెడకు టై బిగించి, నల్ల కళ్లద్దములు ధరించి అందరికంటె ముందు నిలిచెను. తెల్లకారు దుమ్ము రేపుచు వచ్చి ఆగగా, ఎర్రని ముఖము, విశాలమైన ఉదరము గల రిచర్డ్ దిగెను. తాతాజీ సింగపూరు నుండి మోసుకొచ్చిన పలుకులన్నిటిని ఒక్క గుక్కలో కుమ్మరించెను. దొర చిరునవ్వుతో బదులు చెప్పెను. అయ్యో! ఆ దొర ఇంగ్లండు ఉత్తరపు చేపల రేవున పుట్టినవాడు. ఆయన ఆంగ్లమున సగము మాట గొంతులో మునుగును, తక్కిన సగము మీసములలో చిక్కుకొనును.

“పార్డన్?” అనెను తాతాజీ.

దొర మరల చెప్పెను.

“సారీ... పార్డన్?” తాతాజీ నల్లద్దములు తీసెను, తీసినను వినబడలేదు. మూడవమారు దొర పలుకగా ఆతడు చెమట తుడుచుకొని, “మా సింగపూరులో ఇలా మాట్లాడరు బావగారూ,” అని గొణిగి, ఒక అడుగు వెనుకకు వేసెను.

ఆ ఖాళీలోనికి, తెల్లపంచె కుచ్చిళ్లు గాలిలో ధ్వజమువలె రెపరెపలాడుచుండగా, వెనుక వరమ్మగారు పమిటచెంగు పిడికిట బిగించియుండగా, చెరువు మనుషులు పాపము పన్ను నొప్పిమనిషి ఏమి మాట్లాడునో అని జాలిగా చూచుచుండగా, ఏరేటర్లు సైతము ఒక్క క్షణము మంద్రస్వరమున మ్రోగుచుండగా, అబ్బాయిరాజుగారు అడుగు ముందుకు వేసి, చేతులు జోడించి, మనసున తూము తలచి, పలక దించెను.

“గుడ్.”

దించిన పలక దించినట్లే నిలిచెను. ఉకారము నాలుక కింద గిలగిలలాడెను, పళ్ల సందుల వెదకెను, దారి దొరకక నేలగూలెను. అంతట ఆ వీరుడు విజయగర్వమున ఛాతీ పొంగించి, మిగిలిన సగము మాటను కూడ ధీరముగా విడిచెను.

“మార్నింగు!”

చచ్చినది ఒక కొమ్ము మాత్రమే, దాని తమ్ముడు బతికేయున్నాడు! రాజుగారి ముఖము వెలవెలబోయెను. వెనుక ఎవరును నవ్వలేదు. దొర మాత్రము పెద్దగా నవ్వి, రెండు చేతులు జోడించి, ఒక్కొక్క అక్షరమును నిచ్చెనమెట్టు వలె ఎక్కుచు పలికెను.

“గుడ్డు... మార్నింగు... రాజుగారు! చెరువు... బాగుంది... అన్డీ.”

గట్టుపై అందరును నోళ్లు తెరచిరి. దొర తాతాజీ వైపు తిరిగి, ఈసారి నెమ్మదిగా, చేతులు కదపుచు ఏమో చెప్పెను. తాతాజీకి ఈసారి అర్థమయ్యెను. ఆతడు బావ వైపు తిరిగినప్పుడు గొంతులో వెనుకటి వెటకారము లేదు.

“బావగారూ, ఈయన గన్నవరం నుంచి దారంతా డ్రైవరు దగ్గర మన మాట నేర్చుకుంటూ వచ్చాడంటండి. కారు, రోడ్డు, గేటు అని చివర ఉ పెట్టుకుంటూ. వాళ్ల దేశంలో కూడా లండన్ వాళ్లు ఈయన యాస విని నవ్వుతారంట. అందుకని ఎక్కడికెళ్లినా ఆ ఊరి యాస నేర్చుకోవాలని సరదా అంట. కానీ ‘అండీ’ మాత్రం ఎంత ప్రయత్నించినా పలకటం లేదంటండి.”

రాజుగారు దొరను ఎగాదిగా చూచెను. ఇంతదూరము సముద్రములు దాటి వచ్చినవాడు తన నాలుకనే కోరుచున్నాడా!

“అదెంత పనండీ!” అని ఆయన దొర చెంతకు పోయి, నోరు బార్లా తెరచి, నాలుక వెనుకకు మడచి, వేలితో చూపెను. “ఇదిగో, ఇలా మడవండి. అం... డీ. అండీ.”

“అన్డీ.”

“ఆయ్, కాదండీ. ఇంకాస్త వెనక్కి. అండీ.”

దొరయు నోరు తెరచెను. ఇరువురు పెద్దమనుషులు గట్టుమీద నోళ్లు తెరచుకొని ఎదురెదురుగా నిలిచిన ఆ దృశ్యమును చెరువులోని రొయ్యలు తప్ప అందరును చూచిరి. తాతాజీకి అనువదించుటకు ఏమియు మిగలక, కొబ్బరిబొండము కొట్టించుకొని తాగెను. వరమ్మగారు ఈసారి చెంగు అడ్డము పెట్టుకొనక బాహాటముగా నవ్వెను. రాజుగారికి అది బాణమువలె తగలలేదు.

మధ్యాహ్నము దొర రొయ్యల వేపుడు తిని, చెమటలు కక్కుచు, వరమ్మగారికి మొక్కి, “బాగుందండీ,” అనెను. అండీ అచ్చముగా పలికెను. ఆ ఘనత రాజుగారిదే.

ఆలకింపుడు, శ్రోతలారా! ఇట్లు కలిదిండి గట్టున, వేసవి ఉదయపు ఎండలో, ఎల్లరు చూచుచుండగా, అబ్బాయిరాజుగారు ఒకానొక కొమ్మును, ఒకే ఒక్కమారు, ఒకే ఒక మాట చివర విరిచివేసెను. మిగిలిన కొమ్ములన్నియు క్షేమము.