రాచమర్యాదలతో పక్షి సందర్శనం

ఈ ఏడు కార్తీక వనభోజనాలు రాణీగడలో జరపాలని, రాయగడ దగ్గరి మా ఫ్యాక్టరీ కాలనీ తెలుగు సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. "ఏటా తోటలో తిని రావడమేనా? ఈసారి విజ్ఞానం కూడా సంపాదిద్దాం" అని అధ్యక్షులు సోమేశ్వరరావుగారు సెలవిచ్చారు. విజ్ఞానం కోసం గంగాళాలు, గుమ్మడికాయలు, మైకుసెట్టు కూడా బస్సెక్కాయి.

రాణీగడ పూర్వం ఒక సంస్థానానికి రాజధాని. కోట ఉంది, చెరువు ఉంది, గట్టున చింతచెట్లున్నాయి. ఏటా ఎక్కడెక్కడి కొంగలో వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కట్టి, గుడ్లు పొదిగి, పిల్లల్ని పెంచుకుని పోతాయి. పాత రాజులకు ఆ పక్షులంటే ప్రాణం. పరాయివాడు ముట్టుకుంటే కొరడాతో కొట్టించి, తామే స్వయంగా కాల్చుకునేవారు. సంస్థానం పోయాక ఆ ప్రేమ కరువై, పక్షులు కాస్త పెరిగాయి.

ఆ చెట్ల కింద గుడిసెలో గురమ్మ ఉంటుంది. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి, మునిసిపాలిటీలో వీధులూడుస్తోంది. ఆమె లెక్కలో కొంగలంటే పురిటికి వచ్చిన ఆడపిల్లలు. అవి ఉన్నన్నాళ్ళూ కొమ్మ విరవనివ్వదు, పెళ్ళిబాజాల్ని గట్టు ఎక్కనివ్వదు. ఇదంతా మూఢనమ్మకమని మా కార్యదర్శి కూర్మారావుగారు తేల్చేశారు. రాహుకాలం దాటేదాకా బస్సు కదలనివ్వనిది ఆయనే.

ముఖ్య అతిథి చిన్నరాజావారు, పాత రాజుగారి మనవడు. ఆ వంశంవారు సభకు వస్తే మూడుసార్లు తుపాకీ పేల్చి స్వాగతం చెప్పడం అక్కడి ఆచారం. రాజ్యం పోయి పాతికేళ్ళయినా మర్యాద పోకూడదు కదా. నీడగా ఉంటుందని సభ చింతల కిందే పెట్టాం.

సంగతి తెలిసి గురమ్మ పరుగెత్తుకొచ్చి కూర్మారావుగారి కాళ్ళమీద పడింది.

"బాబూ, నీకు దండవెడతాను. పిల్లలకింకా రెక్కలు రానేదు. తుపాకీ పేలిస్తే తల్లులు ఎగిరిపోతాయి, పిల్లలు పడి సచ్చిపోతాయి. రాజుగోర్ని ఒట్టినే రమ్మనండి బాబూ."

"ఒట్టినే వస్తే ఆయన రాజెలాగవుతాడే? తప్పుకో."

తుపాకీ పేలింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశం తెల్లబడింది. అందరం చప్పట్లు కొట్టాం. అధ్యక్షులవారు మైకందుకున్నారు.

"రాజావారిని చూసి పక్షులు సైతం లేచి నిలబడ్డాయి! క్రమశిక్షణంటే అదీ! మన కార్మిక సోదరులు చూసి నేర్చుకోవాలి!"

రెండోసారి, మూడోసారి పేలేసరికి గూళ్ళు కదిలి పిల్లలు టపటపా రాలాయి. ఒకటి మైకు ముందే పడితే, ప్రసంగం ఆపకుండా ఆయన కాలితో పక్కకు జరిపారు. గురమ్మ వాటిని ఒడిలోకి ఏరుకుంటూ, పోయిన కూతుళ్ళకు ఏడ్చినట్టు ఏడ్చింది. అది వినలేక మేము మైకు పెంచాం.

ఇంత జరిగినా మావాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు ఆ పిల్లల మీద చెయ్యి వెయ్యలేదని సగర్వంగా మనవి చేస్తున్నాను. కార్తీకమాసం, పోలిపాడ్యమితో నెల వెళ్ళేదాకా నీసు ముట్టం. జీవకారుణ్యం మన రక్తంలోనే ఉంది.

బస్సెక్కబోతూ అధ్యక్షులవారి భార్య వరహాలమ్మగారు మాత్రం గురమ్మ దగ్గర ఆగారు. ఆమె ఒడిలోకి తొంగిచూసి, ఎంతో ఆప్యాయంగా అడిగారు:

"పోలిపాడ్యమి ఎల్లిపోనాక వస్తే దొరుకుతాయేటమ్మా?"