యెన్ మాస్టారి పెద్ద అక్షరాలు

ఆ రోజు పొద్దున యెన్ మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే. బజారుకెళ్లి ల్యాప్‌టాప్‌కి తగిలించుకునే పెద్ద మానిటరు ఒకటి కొనుక్కురావడం. కొంతకాలంగా ల్యాప్‌టాప్‌లో అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి. కళ్లజోడు పెట్టించుకోవచ్చు కదా అని భార్య మేయిన్ అన్నప్పుడల్లా ఆయన మొహం గంటు పెట్టుకునేవారు. తైపే పక్కన ఒక హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు క్రమశిక్షణ మాస్టారుగా చేసిన మనిషి. వరండా చివర నిలబడి ఒక్క చూపు చూస్తే మూడంతస్తుల బడి నోరు మూసుకునేది. అలాంటి చూపుకి అద్దాలు అడ్డం పెట్టుకోవడం ఆయనకు నామోషీ. లోపం అక్షరాల్లోనే ఉందనీ, తన కళ్లలో లేదనీ ఆయన ఎప్పుడో తేల్చేశారు.

అక్షరాలతో ఆయనకు రోజూ పని పడుతుంది. రిటైరయ్యాక ఆయన పట్టుకున్న వ్యాపకం ఫిర్యాదులు రాయడం. పేరు బయటికి రాకుండా ఇంటర్నెట్లో ఫిర్యాదు చేసుకునే వీలు ఉంది కాబట్టి, సందులో ఎవరు గీత దాటి స్కూటర్ నిలిపారో, ఎవరు చెత్తబండి పాట వినబడకముందే సంచి తెచ్చి గుమ్మంలో పడేశారో, అన్నీ ఆయన లెక్కలో ఉండేవి. రాసేవారు, దిద్దేవారు, మళ్లీ దిద్దేవారు, శైలి నచ్చక పంపకుండా ఆపేసేవారు. నిజం చెప్పాలంటే ఇంతవరకు ఒక్కటీ పంపలేదు. అయినా రాసిన ప్రతిసారీ సందు కాస్త బాగుపడినట్టే ఆయనకు తోచేది.

ఈ ధర్మకార్యమంతా జరిగేది మేడమీద రేకుల గదిలో. రిటైరైన ఏడాది అనుమతీ గినుమతీ లేకుండా ఆయన కట్టించుకున్న గది అది. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడవారన ఆర్కిడ్ కుండీలు, టీ కాచుకునే కెటిల్. ఆ ఊళ్లో సగం మేడలమీద అలాంటి గదులున్నాయి. మరీ పాతవైతే మున్సిపల్ ఆఫీసువాళ్లు రాసుకుని వదిలేస్తారు, కొత్తవైతే కూలగొడతారు. మాస్టారిది కొత్తదే. ఎవరో ఒకరు ఒక్క ఫిర్యాదు పడేస్తే చాలు, ఆయనకు మనశ్శాంతి దొరికే ఆ ఒక్క చోటూ రేకులు రేకులుగా లారీ ఎక్కుతుంది. మేయిన్ ఈ సంగతి గుర్తు చేస్తే "మనది వేరే" అనేవారు. ఎలా వేరో ఎన్నడూ చెప్పలేదు.

కొట్లో కుర్రవాడు దేనికి కావాలని అడిగితే మాస్టారు "చదువుకోడానికి" అన్నారు. అతను మధ్యరకం ఒకటి చూపించి, చదువుకోడానికి ఇది హాయిగా ఉంటుందన్నాడు. ధర తక్కువ చెప్పేసరికి మాస్టారికి అనుమానం వచ్చింది. అన్నిటికంటే ఎక్కువ పిక్సెల్ చుక్కలున్న తెర ఏదని అడిగారు. చుక్కలు ఎన్ని ఉంటే అక్షరం అంత స్పష్టంగా ఉంటుందని ఎక్కడో విని ఉన్నారు. కుర్రవాడు ఇంకేదో చెప్పబోయాడు గానీ, మాస్టారు ఒక చూపు చూసేసరికి నోరు మూసుకుని బిల్లు రాశాడు.

ఇంటికి తెచ్చి తగిలిస్తే అక్షరాలు మునుపటికంటే చిన్నవైపోయాయి. ఇదివరకు చీమలైతే ఇప్పుడు నలుసులు. మాస్టారు మండిపడుతూ కొట్టుకి ఫోన్ చేశారు. చుక్కలు ఎక్కువైతే మొదట అలాగే ఉంటుందనీ, సెట్టింగుల్లో అక్షరాల సైజు పెంచుకోవాలనీ కుర్రవాడు ఓపిగ్గా చెప్పి, చివర్న ఒక మాట కలిపాడు.

"సార్, తెర మాత్రం కిటికీకి ఎదురుగా పెట్టకండి. పక్కవాటుగా పెట్టుకోండి."

పక్కన ఆర్కిడ్లున్నాయి. వాటిని జరిపితే అలుగుతాయి. అందుకని మాస్టారు తెరని గోడకి ఆనించి కిటికీకి ఎదురుగానే పెట్టి, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కున్నారు. టీ పట్టుకొచ్చిన మేయిన్ గుమ్మంలోనే ఆగిపోయింది.

"వీపు వెనక గోడ ఉండాలండీ. కిటికీ పెట్టుకు కూర్చుంటే మనిషికి అండ ఉండదు."

"పాత చాదస్తాలు" అన్నారు మాస్టారు.

అక్షరాల సైజు ఎంతవరకు పెరుగుతుందో అంతవరకు పెంచారు. తెర మొత్తానికి ఐదారు లైన్లు పడుతున్నాయి. ఒక్కో అక్షరం మిఠాయి కొట్టు బోర్డుమీద ఉన్నట్టుంది. మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు చిట్లించకుండా, అద్దాల్లేకుండా, తన రాతను తాను చదువుకుని మురిసిపోయారు. పగలు ఎండ తెరమీద పడి మెరుస్తోందని, పొద్దు వాలాక పని చేసుకోవడం మొదలుపెట్టారు. చుట్టూ మసక, తెరమీద మాత్రం పట్టపగలు. వాళ్ల సందు ఎంత ఇరుకంటే, ఎదుటి మేడమీద బట్టలారేసుకునేవాళ్లు తుమ్మితే ఇక్కణ్ణుంచి చిరంజీవ అనొచ్చు. కానీ మాస్టారు కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు, వీపుకి కళ్లుండవు కదా.

మొదటి సాయంత్రం ఎదుటి మేడ కింద స్కూటర్లు బాగుచేసే జిన్‌హాయి గురించి రాశారు. కొట్టు ముందు పూలకుండీలు పెట్టి దారి ఆక్రమించాడని ఘాటుగా రాసి, చివరి వాక్యం నచ్చక ఆపేశారు. తెల్లారి కూరగాయలకని దిగితే కుండీలు లేవు. జిన్‌హాయి గుమ్మంలో నిలబడి రెండుచేతులా జామకాయల సంచి అందించి, వంగి నమస్కారం చేశాడు. మాస్టారు ఆలోచనలో పడ్డారు. ఉత్తరం పంపలేదు. నిన్న పొద్దున అటు వెళ్తూ కుండీలవైపు ఒక చూపు చూసిన మాట మాత్రం నిజం. అదన్నమాట సంగతి అనుకున్నారు.

రెండోది ఎదుటి మేడలోనే ఉండే కే దంపతులమీద. రోజూ రాత్రి మహ్‌జాంగ్ అనే పలకల ఆట ఆడుతూ టకటకలాడిస్తారని, పెద్దమనుషులుండే ఇల్లు అలా ఉండకూడదని రాశారు. మర్నాటి నుంచి ఆ ఇంట్లో చప్పుడు లేదు. పలకల కింద దుప్పటి పరిచారట. కే గారి భార్య చేమదుంప ఉండలు తెచ్చి మేయిన్ చేతికిచ్చి, మాస్టారి మంచితనం మరిచిపోలేమని కళ్లొత్తుకుని వెళ్లిందట.

"ఏం మంచితనమండీ? మీరేం చేశారు?" అంది మేయిన్.

"మొన్న మెట్ల దగ్గర ఆయన్ని ఒకసారి చూశాను. అంతే."

ఆ రోజు నుంచి మాస్టారి నడక మారిపోయింది. సందులో పోతూ కుడివైపొక చూపు, ఎడమవైపొక చూపు విసిరేవారు. రిటైరైతే కుర్చీ పోతుంది గానీ చూపు ఎక్కడికి పోతుందని మేయిన్‌తో అన్నారు. జనం ఎదురుపడితే ఆగి పలకరించడం, పండ్లు ఇవ్వడం మామూలైపోయింది. అద్దాలు పెట్టుకోనందుకు ఆయన తనను తానే మెచ్చుకున్నారు.

మూడోది ఎదుటి మేడమీద ఉండే ఓంగ్ పెద్దమ్మ మీద రాశారు. డెబ్బై దాటిన మనిషి, సందంతటికీ పెద్దమ్మ. ఆవిడ మేడమీద కూడా ఒక రేకుల వంటగది ఉంది. రోజూ పొద్దు వాలే వేళకి అందులో చేపలు వేయిస్తుంది. మాస్టారు ఇలా రాశారు: "ఎదుటి మేడమీద అక్రమ వంటగది నుంచి రోజూ చేపల వేపుడు వాసన నా గదిలోకి వస్తోంది. నేను ఏ పనిమీదా మనసు పెట్టలేకపోతున్నాను."

మర్నాడు ఓంగ్ పెద్దమ్మ గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. మూత తీస్తే పాలబొంత చేప, కరకరలాడేట్టు వేయించి, పైన అల్లం చల్లి ఉంది.

"మాస్టారికి పెట్టమ్మా. మొహమాటపడొద్దని చెప్పు" అంది మేయిన్‌తో.

మాస్టారికి ఒళ్లు మండింది. తప్పు చేసి, అది కప్పిపుచ్చుకోడానికి లంచమా అన్నారు. లంచం చల్లారితే బాగుండదనుకున్నారో ఏమో, ముల్లు మిగల్చకుండా తినేసి, పైకి వెళ్లి కిటికీలోంచి ఆ వంటగదివైపు తీక్షణంగా చూశారు. పెద్దమ్మ గరిటె ఊపి నవ్వింది. తర్వాతి సాయంత్రం ఇంకా తీక్షణంగా చూశారు. ఆవిడ ఇంకో చేప పెనంమీద వేసింది. ఆ మర్నాడు రెండు గిన్నెలొచ్చాయి.

తన చూపు పారకపోవడం మాస్టారు భరించలేకపోయారు. మనది కూడా రేకుల గదేనండీ అని మేయిన్ మళ్లీ చెప్పింది. మనది వేరే అని ఆయనా మళ్లీ అన్నారు. ఆ సాయంత్రం జీవితంలో మొదటిసారి, చివరి వాక్యం బాగా కుదరడంతో, ఉత్తరం పంపించేశారు.

తర్వాతి వారం ముసురు మొదలైంది. ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మి నాలుగింటికే చీకటి పడ్డట్టయింది. మాస్టారు గదిలో దీపం కూడా వేసుకోకుండా, పంపిన ఉత్తరాన్ని తెరమీద పెట్టుకుని మరోసారి చదువుకుంటున్నారు. చివరి వాక్యం ఎన్నిసార్లు చదివినా తనివి తీరడం లేదు. అంతలో వెనకనుంచి, మర్యాదగా, ఎవరిదో మగగొంతు వినబడింది.

"సార్, కాస్త పక్కకి జరుగుతారా? చివరి లైను కనబడటం లేదు."

మాస్టారు జరిగారు. జరిగాక, గదిలో తను తప్ప ఎవరూ లేరని గుర్తొచ్చి వెనక్కి తిరిగారు.

ఎదుటి మేడమీద రేకుల పంచ కింద, ఆఫీసు బిళ్ల మెళ్లో వేసుకున్న ఒక తనిఖీ అధికారి నిలబడి ఉన్నాడు. చేతిలో తడిసిపోయిన ఫిర్యాదు కాగితం. పక్కన ఓంగ్ పెద్దమ్మ, ఆవిడ వెనక జిన్‌హాయి, కే దంపతులు. అందరూ మాస్టారి భుజంమీదుగా తెరని చూస్తున్నారు, సినిమాకొచ్చినట్టు.

"వానకి అడుగు లైను చెదిరిపోయింది సార్" అన్నాడు అధికారి, కాగితంమీద రాసుకుంటూ. "థాంక్స్. మొత్తం మాటకి మాట సరిపోయింది."

పేర్లు రహస్యంగా ఉంచాలి కదా అని మాస్టారు గొణిగారు.

"మేం ఉంచుతాం సార్. మీరే కిటికీలో పెట్టుకుంటే మేమేం చేస్తాం?" అని, అతను తల పైకెత్తి రేకుల్ని చూశాడు. "ఇంతకీ మీరు కూర్చున్న ఆ గది ఎప్పటిది?"

మాస్టారు ఒకసారి ఆర్కిడ్లని చూశారు, ఒకసారి బల్లని చూశారు. లారీ కళ్లముందు కదిలింది. ముప్ఫై ఏళ్లు ఎదుటివాళ్ల నోరు మూయించిన మనిషికి తన నోరు తెరవడం చేతకాలేదు. ఎదురుగా నలుగురున్నారు. నలుగురిమీదా రాశారు. వాళ్లలో ఏ ఒక్కరు నిజం చెప్పినా అయిపోతుంది.

"అదా బాబూ?" అంది ఓంగ్ పెద్దమ్మ. "నేను కాపురానికొచ్చేసరికే ఉంది."

"రేకులు కొత్తగా మెరుస్తున్నాయే?"

"తుఫానుకి ఎగిరిపోతే మార్పించారు. మాస్టారు శుభ్రమైన మనిషి."

కే గారు తలూపాడు. జిన్‌హాయి ఇంకా గట్టిగా తలూపాడు. అధికారి ఒక్క క్షణం అందర్నీ చూసి, పాతది అని రాసుకున్నాడు. పెద్దమ్మ వంటగది నిజంగానే పాతదట, దాన్నీ అలాగే రాసుకుని గొడుగు విప్పుకుని దిగిపోయాడు.

ఆ సాయంత్రం చెత్తబండి పాట వినబడగానే అందరూ సంచులు పట్టుకుని సందులోకి దిగారు. మాస్టారు కూడా దిగారు, నేలచూపులు చూస్తూ. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయినట్టుంది ఆయనకి. ఓంగ్ పెద్దమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"మీరు నా కోసం అబద్ధం చెప్పారు అక్కగారూ" అన్నారు మాస్టారు. "నేనేమో మీమీద..."

"పంపిస్తారనుకోలేదు మాస్టారూ. మేమంతా మీరు కావాలనే ఆ తెర కిటికీకేసి పెట్టారనుకున్నాం. ఆఫీసుకి ఎక్కించకుండా, బళ్లో బోర్డుమీద రాసినట్టు మాకే రాసి చూపిస్తున్నారు, ఎంత పెద్దమనసో అనుకున్నాం. చేప వాసనకి పని సాగట్లేదంటే, పాపం నోరూరుతోంది కాబోలనుకున్నా."

అన్ని జామకాయలూ, అన్ని నమస్కారాలూ తన చూపుకి కాదని మాస్టారికి అప్పుడు తెలిసింది. రేపే కిటికీకి మందపాటి పరదా కట్టించేస్తానని మాటిచ్చారు.

"కట్టారంటే ఊరుకోం" అంది పెద్దమ్మ. "ఆఫీసుకి రాస్తే తేలడానికి ఆర్నెల్లు. మీ కిటికీలో రాస్తే తెల్లారేసరికి తేలిపోతోంది. జిన్‌హాయి నీళ్ల ట్యాంకు సంగతి రాయాలంటున్నాడు, కే గారి భార్య పై వాటా వాళ్ల పావురాల గురించట. వరసలో నాదీ ఒకటుంది. గిన్నెలు తోముకుంటూ చదువుకుంటున్నా, ఇప్పుడు లేకపోతే నాకు తోచదు."

మాస్టారు తలూపారు. బండి వచ్చింది, సంచులు పడ్డాయి. వెళ్లబోతూ ఆవిడ ఆగి, గొంతు తగ్గించింది.

"ఇంకొక్క మాట. అక్షరాలు మరికాస్త పెంచండి. నాకు సరిగ్గా ఆనడం లేదు. కళ్లజోడు పెట్టుకోవాలంటే నామోషీగా ఉంటుంది."

మర్నాడు కొట్లో కుర్రవాడు ఫోన్లోనే అక్షరాలు పెంచడానికి ఇంకో దారి చెప్పాడు. ఇప్పుడు తెరమీద ఒక్కసారికి మూడే మూడు మాటలు పడుతున్నాయి, దగ్గర కూర్చుంటే గీతలు తప్ప అక్షరం ఆనదు. రాసింది సరిగ్గా ఉందో లేదో చదివి చూసుకోవాలంటే యెన్ మాస్టారు మెట్లు దిగి, సందు దాటి, ఓంగ్ పెద్దమ్మ మేడ ఎక్కాల్సి వస్తోంది.