లెవీ కట్టని నక్షత్రాలు

"ఆకాశమైనా సరే, నితాఖత్‌కు అతీతం కాదు!"

మా హెచ్ఆర్ మేనేజరు సదానందం సార్ టై సవరించుకుని ఈ మాట ప్రకటించగానే సౌదీలో, బురైదాలోని మా ఖగోళ కేంద్రంలో ఏసీ కూడా ఆగిపోయింది. కరెంటు పోయిందనుకోండి, అయినా మాటకు గాంభీర్యం వచ్చింది.

నితాఖత్ అంటే ప్రతి సంస్థలో ఇంతమంది సౌదీలు ఉండాలనే కోటా; అందులో ఒక్క సౌదీ ఉద్యోగి తక్కువై మా కేంద్రం ఎరుపు కేటగిరీలో పడింది. ఇక పరదేశీలెవరికీ అకామా, అంటే ఫలానా పనికని రాసిచ్చే నివాస పర్మిట్, రెన్యువల్ కాదు. అందరికంటే ముందు గడువు తీరేది రూతు మేడమ్‌కే. భీమవరం నుంచి వచ్చిన ఆవిడ ఇక్కడ ఏళ్ల తరబడి ఓ లైబ్రరీ కడుతోంది. పుస్తకాలది కాదు, నక్షత్రాలది! అంతరిక్ష టెలిస్కోపు పంపిన అతినీలలోహిత కాంతిని విడదీసి, ఒక్కో రకం నక్షత్రానికీ ఒక్కో వర్ణపటం భద్రపరుస్తుంది. దూరపు గెలాక్సీ వెలుగును వాటితో పోల్చి, అందులో కుర్ర నక్షత్రాలెన్నో ముసలివెన్నో తేలుస్తుంది. నక్షత్రాల పాపులేషన్ లెక్క అంటారు దాన్ని. ఆవిడ దగ్గర కంప్యూటర్ ఆపరేటర్ని నేను, జగిత్యాల లక్ష్మణ్‌ని.

"పాపులేషన్ అంటున్నరు గద మేడమ్, అండ్ల లోకల్ ఎంతమంది?" అన్నాడు సార్.

"నక్షత్రాలకి దేశమేంటండీ?"

"ఎందుకుండది? రైగెల్, వేగా, అల్దెబరాన్... అన్ని అరబ్బు పేర్లే! మరి గీ నంబర్లేంది?"

"పేరు పెట్టని నక్షత్రాలండీ. లోహాలు తక్కువుండే రకం. పాత గెలాక్సీల గుట్టు చెప్పేవి ఇవే."

"పేరు లేదు, ఉత్త నంబరు! అంటే మనలెక్కనే పరదేశీలు. పరదేశీ తలకింత అని సర్కారుకు నెలనెల గట్టే లెవీ వీటికి ఎవడు గడ్తడు? తీసెయ్ లక్ష్మణ్!"

తీసేశాను. అకామా నాకూ కావాలి కదా! ఆ వెంటనే ఓ ముసలి గెలాక్సీని పరీక్షిస్తే, పోల్చడానికి ఆ రకం నక్షత్రాలు లేక పదహారేళ్ల పడుచులా తేలింది.

"చూశిండ్రా! నితాఖత్‌తోని వయసు గూడ తగ్గుతది!" అని సార్ మురిసిపోయాడు. రూతు మేడమ్ ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

మర్నాడే లేబర్ ఆఫీసు ఇన్‌స్పెక్టర్ దిగాడు. సార్ ఆయన్ని స్క్రీను ముందుకు లాక్కొచ్చి, "అందరూ లోకలే!" అని చూపించాడు.

"నేను లెక్కపెట్టేది మనుషుల్ని," అన్నాడాయన అరబ్బీలో. "హెచ్ఆర్ మేనేజరు పోస్టు సౌదీలకే కేటాయించారు. మీకు తక్కువైన ఆ ఒక్కరూ కూర్చోవాల్సిన కుర్చీ అదే! ఇంతకీ అందులో కూర్చుంటున్నదెవరు?"

సదానందం సార్ మెల్లగా టై విప్పి జేబులో కుక్కుకున్నాడు. "నేను కాదు సార్. అనా సబ్బాక్!"

ప్లంబరునని! అకామాలో ఉన్నది అదే.

"మంచిది. మీ బాత్రూములో నల్లా కారుతోంది, చూడు. ఆ కుర్చీలో రేపే ఓ సౌదీని పెట్టుకోండి, అందరి అకామాలూ కదుల్తాయి," అని ఇన్‌స్పెక్టర్ నావైపు తిరిగాడు.

ఆయన నోరు తెరవకముందే నేను నేలమీద కూర్చుని, ఊగని టేబుల్ కాలును పరీక్షగా బిగించసాగాను. నా అకామా ప్రకారం నేను వడ్రంగిని.

ఆ గదిలో అకామాలో రాసిన పనే చేస్తున్నది రూతు మేడమ్ ఒక్కతే. ఆవిడ నవ్వాపుకుంటూ నా కుర్చీలో కూర్చుని, నంబర్ల నక్షత్రాలన్నింటినీ తిరిగి లైబ్రరీలోకి చేర్చేసింది. వద్దనడానికి మేనేజరంటూ ఎవరున్నారు? సింకు కింద ఓ ప్లంబరు, టేబుల్ కింద ఓ వడ్రంగి, అంతే!