మంచు మీద చెక్కనేల

ఆ శనివారం ఉదయం మురియల్ అష్‌వర్త్ వేసుకున్న పథకం చిన్నదే. గుడ్డు శాండ్‌విచ్‌లు చేయాలి, ఆటగాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేయాలి, మధ్యాహ్నం ఆట మొదలయ్యేలోపు టీ కాచి సిద్ధంగా ఉంచాలి. ఆ తరువాతి సంగతి దేవుడూ, బిస్కెట్ల కర్మాగారం యజమాని హెప్‌వర్తూ చూసుకుంటారు.

కాల్డర్‌షా కామెట్స్ బాస్కెట్‌బాల్ జట్టు దివాలా అంచున ఉంది. హెప్‌వర్త్ ఇవాళ ఆట చూసి ముచ్చటపడి డబ్బు పెడితే జట్టు బతుకుతుంది. లేకపోతే నెలాఖరుకు మూత.

ఆ జట్టు పుట్టింది ప్రార్థనాలయం వెనక హాలులో. మురియల్ భర్త క్లిఫర్డ్ గోడలకు రెండు రింగులు కొట్టి, ఆదివారం బడి పిల్లలను పోగుచేశాడు. బంతి కాస్త ఎత్తుగా విసిరితే దూలానికి తగిలేది. అక్కడినుంచి ఏటేటా ఎదిగి ఎదిగి, ఇప్పుడు ఊళ్ళోని పైకప్పున్న మంచు హాకీ మైదానంలో వేలమంది ముందు ఆడుతున్నారు. మంచును అలాగే ఉంచి, దానిపై చలి ఆపే పలకలు పరిచి, పైన చెక్కనేల బిగిస్తారు. ఆ జనమంతా ఒక్కసారి లేచి నిలబడితే మురియల్‌కు ఒళ్ళు జలదరించేది. ‘ఇంతటిది మా చేతులమీదుగానా ప్రభూ!’ అనుకునేది. ‘ఇంత పెంచి మళ్ళీ తీసేసుకుంటావా?’ అని కూడా అడిగేది, మెల్లగా.

అమెరికా నుంచి వచ్చిన ఆటగాడు కార్నెల్ విట్లో మకాం వాళ్ళింట్లోనే. అతను కుర్చీలో కూర్చుంటే, నిలబడ్డ మురియల్‌తో సమానం.

"అమ్మా, ఇవాళ బంతి బుట్టలో దించి రింగుకు వేలాడతా. ఆ బిస్కెట్లాయన నోరు తెరవాలి," అన్నాడు.

"వేలాడితే వేలాడు గానీ ఊడబెరక్కు నాయనా," అన్నాడు క్లిఫర్డ్.

మైదానంలో ముందు వరసలో ఆదివారం బడి పిల్లలు గజగజ వణుకుతున్నారు. మురియల్ యంత్రాలు చూసుకునే డెరెక్ దగ్గరికి వెళ్ళింది.

"పిల్లలు కొంకర్లు పోతున్నారయ్యా. కాస్త వేడి పెట్టు."

"పెట్టకూడదమ్మా. కింద మంచుంది."

"మంచుకేమో దుప్పటి కప్పారు. మరి పిల్లలకో?"

డెరెక్ వెళ్ళి హీటర్లు తిప్పాడు.

ఆట మొదలైన కాసేపటికి చల్లటి చెక్కకు చెమట పట్టింది. ఒకడు జారాడు, ఇంకొకడు వాడిమీద పడ్డాడు. క్లిఫర్డ్ పైకి చూశాడు.

"పైకప్పు కారుతోంది!"

ఆ మాట మైకులో కూడా వచ్చింది. గొడుగు లేకుండా గడప దాటని ఊరది. వందల గొడుగులు టపటపా తెరుచుకున్నాయి.

"ముయ్యవయ్యా బాబూ, నీ గొడుగు చూడ్డానికా టికెట్టు కొన్నది?"

"నా నెత్తి నా ఇష్టం!"

"తలుపులన్నీ బార్లా తెరవండి, ఆరిపోతుంది," అని అరిచాడు క్లిఫర్డ్. బయట రెండు రోజులుగా ముసురు. ఆ తేమంతా లోపలికొచ్చి నేలకు అంటుకుంది. ఈసారి పౌడరు చల్లించాడు. నేల కేకు పిండి అయింది.

అంతలో కార్నెల్ బంతి పట్టుకుని పరుగెత్తాడు. ఎగరబోయి, ఎగరకుండానే కూర్చుండిపోయాడు. కూర్చుని, రెండు చేతులా బంతిని పైకెత్తి, రేవునుంచి ఓడ కదిలినంత హుందాగా రింగు కిందనుంచి సాగిపోయాడు. వేలమంది ఊపిరి బిగబట్టారు. అంత అందమైన దృశ్యం మురియల్ అంతకుముందు చూసి ఎరగదు. అతను తిన్నగా వచ్చి, ముందు వరసలో మురియల్ పక్కన కూర్చున్న హెప్‌వర్త్ కాళ్ళ దగ్గర ఆగాడు.

"టీ ఉందా అమ్మా?" అన్నాడు.

ఆట ఆపేస్తున్నానని చెప్పడానికి వచ్చిన రిఫరీ, చెప్పకుండానే తలుపు దాటి జారిపోయాడు.

హెప్‌వర్త్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. "నా జన్మలో ఇంత నవ్వలేదయ్యా! జనం చూడు, ఒక్కడూ కదలడం లేదు! డబ్బు పెడుతున్నా, ఖాయం!" అని క్లిఫర్డ్ చెయ్యి ఊపేశాడు.

ఇంటికి వెళ్ళే దారిలో మురియల్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వేడి పెట్టమన్నది నేనే క్లిఫర్డ్."

"నువ్వా? దేవుడే నీ నోట పలికించాడే పిచ్చిదానా!"

సోమవారం పేపర్లో వార్త వచ్చింది. హెప్‌వర్త్ డబ్బు పెట్టింది మంచు హాకీ జట్టులో. మనుషులు జారుతుంటే జనం అంతగా మురిసిపోతారని తనకు శనివారమే తెలిసిందని ఆయన చెప్పాడు. నెలాఖరుకు కామెట్స్ మూతపడింది. కార్నెల్ రైలు పెట్టెలోకి దాదాపు సగానికి వంగి ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం క్లిఫర్డ్ టీ కలుపుతూ అడిగాడు. "హెప్‌వర్త్ కోసం నువ్వు ప్రార్థించలేదా?"

"ఎందుకు ప్రార్థించలేదూ! ఆట చూసి ఆయన మనసు పారేసుకోవాలని అడిగా."

"ఏ ఆటో చెప్పావా?"

"దేవుడికి ఆమాత్రం తెలియదా అనుకున్నా."

అప్పటినుంచి మురియల్ ఏ ప్రార్థన చేసినా పేరు, వీధి, ఇంటి నంబరుతో సహా విన్నవించుకుంటోంది.