కారుకి పట్టిన నంబరు

ఆ ఉదయం తవిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి ముందు పెట్టిన కంపెనీ పరీక్షల కారు స్టార్ట్ చెయ్యాలి, అందులో దాగుడుమూతలాడుతున్న లోపాన్ని రికార్డరుకి పట్టించాలి, మేనేజర్ కీరతి గారు ఇంటికి రాగానే చూపించాలి. చూపిస్తే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే శ్రీరాచా ఊళ్లో ఇల్లరికపు అల్లుడి హోదా పర్మనెంటు.

కారు జబ్బు కనుక్కోవడానికి మెకానిక్కులు వాడే ప్లగ్గు ఒకటి స్టీరింగ్ కింద ఉంటుంది కదా, దానికి కంపెనీ రికార్డరు తగిలించాడు. ఎందుకైనా మంచిదని నెల కిందటే రెండు తలల వైరు కొని, తన సొంత రీడరు కూడా పక్కనే గుచ్చాడు. ఒకటి కునుకు తీసినా రెండోది కాపలా కాస్తుందని ధీమా.

తాళం తిప్పాడు. రికార్డరు తెరమీద ఎర్రగా లోపం నంబరు 741 వెలిగింది.

"వచ్చింది! అత్తయ్యా, వచ్చేసింది!"

లమ్యాయ్ అత్తగారు జావ గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏం వచ్చిందయ్యా?"

"నంబరు! నెల్లాళ్లుగా బతిమాలుతున్నాను. ఇవాళ దానంతటదే వచ్చింది!"

లాటరీ తీసే రోజున ఆ ఊళ్లో ఇలాంటి మాట గట్టిగా అనకూడదు. లారీ బోల్తా పడితే ముందు నంబరు ప్లేటు రాసుకుని, తర్వాత డ్రైవరును బయటికి లాగే జనం వాళ్లు. తవిన్ లోపలికెళ్లి కీరతి గారికి ఫోన్ చేసి వచ్చేసరికి వీధి జనం కారు చుట్టూ మూగారు; బానెట్ మీద బంతిపూల దండ, దాని ముందు నైవేద్యంగా స్ట్రా వేసిన ఎర్ర సోడా ఉన్నాయి. చేప ఉండల బండి ఆవిడ తలుపుకి పౌడరు రుద్దుతోంది, ఇంకో నంబరు తేలుతుందేమోనని.

"ముట్టుకోకండి! కదిలిస్తే పోతుంది!"

"విన్నారా? మైల పనికిరాదట," అంది అత్తగారు.

"అబ్బ, అది కాదత్తయ్యా! ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. పిలిస్తే రాదు!"

"మా తల్లే! పిలవగానే వచ్చేస్తే దేవతెలా అవుతుంది?" అంటూ చేప ఉండలావిడ చెప్పులు విడిచింది. వీధంతా విడిచింది. ఫోన్లు పైకి లేచి వీడియో తియ్యడం మొదలుపెట్టాయి.

అప్పుడొచ్చారు కీరతి గారు. జనాన్ని తోసుకుని స్టీరింగ్ కిందికి వంగి చూశారు. ఆయన మొహం మాడిపోయింది.

"ఒకే లైను మీద రెండు పరికరాలా? రెండూ ఒకేసారి ప్రశ్నలు వేస్తే కారు జవాబులు కలగాపులగం అవ్వవూ? ఇది లోపం కాదయ్యా, నీ నిర్వాకం! నెల్లాళ్లూ లేని జబ్బుకి రిపోర్టులు రాశావన్నమాట!"

ఉద్యోగం గోవిందా అనుకున్నాడు తవిన్.

ఆయన రెండో రీడరు పీకేశారు. 741 మాయమైంది.

"అయ్యయ్యో, ఎవరీ పెద్దమనిషి? నంబరు మింగేశాడు!" అత్తగారు గరిటె ఎత్తింది.

కీరతి గారు చదువుకున్నవారు. రుజువు చూపిస్తే ఎవరైనా వింటారని ఆయన నమ్మకం. "చూడండమ్మా, మళ్లీ పెడతాను." గుచ్చారు, 208. పీకి గుచ్చారు, 563. "ప్రతిసారీ కొత్తది! అంటే ఏమిటి?"

"అడిగినన్ని ఇస్తుందని!" అంది చేప ఉండలావిడ. "బాబ్బాబు, మా కోడలి పేరు చెప్పి ఒకటి తియ్యండి!"

ఆయనకి ఒళ్లు మండింది. అంతా ఉత్తిదేనని నిరూపించడానికి గుచ్చుతూనే పోయారు, నంబర్లు గట్టిగా చదువుతూనే పోయారు. దండ కారు మీంచి ఆయన మెడలోకి మారింది. పక్కన తవిన్ అరుస్తూనే ఉన్నాడు: "కంపెనీ సామాను! దయచేసి ముట్టుకోకండి!"

సాయంత్రం లాటరీలో ఆయన తీసినవాటిలో ఒకటి తగిలింది. అన్ని తీస్తే ఒకటైనా తగలక చస్తుందా? మర్నాడు కంపెనీ గేటు ముందు ఆయన కోసం జనం బారులు తీరారు. పైవాళ్లు వీడియో తెప్పించుకు చూశారు. మెడలో దండతో నంబర్లు పలికే మేనేజరు ఒకడు, కంపెనీ సొత్తు కోసం గొంతు చించుకునే ఉద్యోగి ఒకడు కనిపించారు. కీరతి గారిని విడిభాగాల గోదాముకి పంపేశారు. నిజం చెప్పేద్దామని తవిన్ నోరు తెరిచాడు కానీ, పర్మనెంటు ఆర్డరు చేతిలో పెట్టగానే మూసేసుకున్నాడు.

ఆ సంగతి ఇంటికొచ్చి సిగ్గుపడుతూనే చెప్పాడు. అత్తగారు అంతా విని, కొత్త బంతిపూల దండ సంచిలో పెట్టుకుంది.

"పోనీలే అల్లుడూ, నీకేదో ఉద్యోగమంటూ వచ్చింది. ఆ మహానుభావుడి గోదాముకి ఏ బస్సెక్కాలో చెప్పు."