నలభై నిమిషాల కస్టర్డ్

కస్టర్డ్‌ను నలభై నిమిషాల పాటు కలపనక్కర్లేదు. పదిహేను నిమిషాలు చాలు. ఆ సంగతి ఇంట్లో పళ్ళ మేస్త్రికి ఒక్కడికే తెలుసు. నలభై నిమిషాలని చెప్పిందీ ఆయనే.

"చెయ్యి ఆపావంటే అడుగున ముద్ద కట్టేస్తుంది," అన్నాడు భార్య చేతికి గరిటె అందిస్తూ, ప్రాణం మీదికొచ్చే విషయం చెబుతున్నట్టు. "పక్కకి కూడా చూడకూడదు. నేనిప్పుడే వస్తా."

"ఎక్కడికండీ?"

"కడుపులో కొంచెం తేడాగా ఉంది."

"అయ్యో, వెళ్ళండి, వెళ్ళండి."

ఆయన బాత్‌రూమ్ తలుపు తీసి, ఆవిడకి వినబడేట్టు మూశాడు. లోపలికి మాత్రం వెళ్ళలేదు. చెప్పులు చేతబట్టుకుని, పిల్లిలా అడుగులేస్తూ ముందు గదిలోకి వెళ్ళాడు. అక్కడ కిటికీ పక్కన బల్ల, బల్ల మీద దీపం, దీపం కింద సగం అయిన హారం ఉన్నాయి. జేబులోంచి చిన్న పటకారు తీసి, సొంత ఇంట్లో దొంగలా కూర్చున్నాడు.

ఆయన మీద అప్పుడే అభిప్రాయానికి రాకండి. విషయం చాలా ఉంది.

పళ్ళ మేస్త్రి అంటే కట్టుడు పళ్ళు చేసే ఆయన. ఊళ్ళో సగం నవ్వులు ఆయన చేతి పనే. మిగతా సగం ఇంకా సొంత పళ్ళతో నెట్టుకొస్తున్నాయి. ఆయన భార్యని అందరూ పూసలావిడ అంటారు. విరిగిన గాజు గుండీలు, ఆగిపోయిన గడియారాల చక్రాలు, పాత కోట్ల నుంచి ఊడిన ఇత్తడి బొత్తాలు, ఇలా ఎవరికీ అక్కర్లేనివన్నీ ఏరుకొచ్చి, తీగతో ముడివేసి నగలు చేస్తుంది. ఆవిడ కట్టుకునే బట్టలూ అంతే. బీరువా మొత్తం వెతికినా ఆవిడకన్నా వయసులో చిన్న బట్ట ఒక్కటి దొరకదు. భుజాలు పొంగిన ఊదారంగు కోటు వేసుకుని ఆవిడ కూరగాయలకి వెళితే, కొట్టతను ఎవరో పెద్ద అధికారి వచ్చిందనుకుని లేచి నిలబడేవాడు.

వంట మాత్రం ఆయనది. పెళ్ళైన కొత్తలో ఆవిడ చేసిన సూప్ తాగి, "చాలా బాగుంది" అని మెచ్చుకుని, మర్నాడు ఆవిడకన్నా ముందే లేచి పొయ్యి వెలిగించాడు. ముప్ఫై ఏళ్ళయింది, ఇంకా ఆ పొయ్యి వదల్లేదు.

ఇలా ఆయన వంట, ఆవిడ పూసలు, ఇద్దరి మాటలు కలిసి రోజులు గడిచిపోతుండగా, ఆవిడ కుడి చేతి బొటనవేలికి నొప్పి మొదలైంది. మొదట పటకారు పట్టుకుంటే నొప్పి. తర్వాత వణుకు. డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన్ని ఊరంతా 'తగ్గిపోతుంది డాక్టరు' అంటుంది, ఎందుకంటే జలుబు నుంచి కాలు విరగడం దాకా ఆయన చెప్పేది ఆ ఒక్క మాటే. ఆ రోజు ఆయన వేలు తిప్పి చూశాడు, ఎక్స్‌రే చూశాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ మాట మాత్రం అనలేదు.

ఇంటికొచ్చాక ఆవిడే అంది. "ప్రదర్శనకి హారం ఇస్తానని మాటిచ్చాను. అది నా చేత్తో పూర్తయితే సరే. కాకపోతే నా పూసల పెట్టె మూసేసి, అన్నీ బడికి ఇచ్చేస్తా."

ఆ ప్రదర్శన పాతకాలపు బట్టలది. లైబ్రరీ పైఅంతస్తు హాల్లో ఆరు వారాల్లో జరగబోతోంది. పాత బట్టలకి ప్రాణం పోసే దర్జీ ఒకావిడ, అతుకులమ్మ అని ఆవిడకి పేరు, ఎనభై ఏళ్ళ నాటి ఆకుపచ్చ వెల్వెట్ గౌను ఒకటి బాగుచేసి అందులో పెడుతోంది. దాని మెడకి హారం పూసలావిడ చెయ్యాలి. నూట ఇరవై మెలికలు.

పెట్టె మూసేస్తానంటే ఏమిటో ఆయనకి తెలుసు. ఒకసారి మూసింది. చెల్లెలు పోయినప్పుడు. ఎనిమిది నెలలు ఆ ఇంట్లో "తిన్నారా?", "తిన్నాను" తప్ప మాట లేదు. ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తుంటే చెంచాల చప్పుడు వినబడేది. అలాంటి రోజులు మళ్ళీ వస్తే తను తట్టుకోలేడు. ఆ భయంతోనే కస్టర్డ్‌కి నలభై నిమిషాలు పట్టించాడు.

ఆవిడ పగలు వణికే చేత్తో వేసిన మెలికలు వంకరగా, వదులుగా ఉండేవి. సాయంత్రం ఆవిడ గరిటె తిప్పుతున్నంతసేపూ ఆయన వాటిని విప్పి, బిగించి, సరిచేసేవాడు. పళ్ళ కట్లకి తీగ వంచీ వంచీ ఆరితేరిన చెయ్యి. పది నిమిషాలకి ఆరు మెలికలు.

మొదటి రోజు మర్నాడు పొద్దున్న ఆవిడ హారాన్ని దీపం కింద పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆయన పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

"చెయ్యి బాగానే ఆడిందే," అంది చివరికి.

"ఆడదా మరి! నేను చెప్పలా?" అన్నాడాయన పేపరు వెనక నుంచి. ఆ రోజు తన ల్యాబ్‌లో ఈల వేసుకుంటూ ఒక ముసలాయన కట్టుడు పళ్ళకి మెరుగు పెట్టాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో కలపనక్కర్లేని వంట లేకుండా పోయింది. ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేదాకా గంట వేయించాలన్నాడు. పుట్టగొడుగుల సూప్ ఒకే దిక్కుకి తిప్పకపోతే విరిగిపోతుందన్నాడు. టమాటా సాస్‌కి మనిషి పక్కన నిలబడకపోతే కోపం వస్తుందన్నాడు. ఆవిడ అన్నిటికీ "అలాగా" అని, కుడి చెయ్యి నొప్పి కాబట్టి ఎడం చేత్తో, ఓపిగ్గా తిప్పేది. చూస్తే ఆయనకి జాలేసేది. జాలిపడుతూనే బాత్‌రూమ్ తలుపు చప్పుడు చేసేవాడు.

పదో రోజున ఆవిడ గరిటె దింపి ఆయన వైపు తిరిగింది.

"ఏమండీ, రోజూ ఇదే వరసైతే ఎలా? మీ కడుపు సంగతి చూడాలి."

"అబ్బే, ఏం లేదు..."

"ఏం లేకపోతే అరగంట లోపల ఏం చేస్తున్నారు?"

ఆయన వంగి పొయ్యి మంట తగ్గించాడు.

"ఇవాళ్టి నుంచి మీకు ఉప్పు, వెన్న, కారం బంద్. ఉడికించిన క్యారెట్టూ, దాని నీళ్ళూ. కడుపు కుదుటపడేదాకా అంతే."

"మరి రుచి ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాలెండి."

అలా ఊళ్ళోకెల్లా మంచి వంటవాడు నెల్లాళ్ళ పాటు క్యారెట్టు నీళ్ళు తాగాడు. తను చేసిన ఉల్లిపాయల సూప్, వెన్న రాసిన రొట్టె, పైన పంచదార కాల్చిన కస్టర్డ్ ఎదురుగా కూర్చుని ఆవిడ మెల్లగా, ఒక్క ముద్ద వదలకుండా తినేది. "ఇవాళ సాస్ అద్భుతంగా కుదిరిందండీ" అని చెప్పడం కూడా మరిచేది కాదు. ఆయన నడుముకి బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది. కానీ ఆవిడ తినేటప్పుడు మాట్లాడుతూనే ఉంది. గౌను గురించి, దాన్ని ఎనభై ఏళ్ళ కిందట తొడుక్కున్న ఎవరో తెలియని మనిషి గురించి, ఆవిడ ఏ పాటకి నాట్యం చేసి ఉంటుందోనన్న దాని గురించి. క్యారెట్టు నీళ్ళు ఆయన గొంతు దిగింది ఆ మాటల మీదే.

ప్రదర్శనకి నాలుగు రోజుల ముందు ఒక సాయంత్రం అతుకులమ్మ వచ్చింది. గౌను మెడకి హారం సరిపోతుందో లేదో చూడాలంది. గౌను వాళ్ళ కొట్లో ఉంది కాబట్టి తన మెడకే పెట్టుకుని చూసుకుంది. సరిపోయింది. అద్దంలో అటూ ఇటూ తిరిగి మురిసిపోయింది. తియ్యబోతే కొక్కెం రాలేదు.

"వదినా, ఇది రావట్లేదు."

పూసలావిడ లాగింది. రాలేదు. సబ్బు రాసింది. రాలేదు. అతుకులమ్మ మెడ ఎర్రబడింది.

"వదినా, పొద్దున్నే నేను కొట్టు తియ్యాలి. ఇది మెడకేసుకునే పడుకోవాలా ఇంక జన్మంతా?"

వంటింట్లోంచి పళ్ళ మేస్త్రి ఇదంతా వింటూ కాళ్ళు మార్చుకుంటున్నాడు. ఆ కొక్కెం ఆయన చేసిందే. అన్నం నమిలినా, ఆవలించినా, తుమ్మినా ఊడిపోని కొక్కెం చెయ్యడం ఆయనకి ముప్ఫై ఏళ్ళ అలవాటు. అతుకులమ్మ "ఊపిరాడట్లేదు" అనేసరికి ఇక ఆగలేక పరుగెత్తుకొచ్చాడు.

"లాగకండి! ఒకే పక్క లాగితే విరుగుతుంది. బొటనవేలు కిందపెట్టి వెనక్కి తొయ్యాలి, తర్వాత మెల్లగా కిందికి. కంగారు పడకండి, నోరు బాగా తెరవండి."

అతుకులమ్మ నోరు తెరిచింది. కొక్కెం టక్కున వచ్చింది.

అతుకులమ్మ నోరు ఇంకా తెరిచే ఉంది.

"ఎలా తెలిసిందండీ?" అంది భార్య, చాలా మామూలుగా.

"ఊహించా."

"మంచి ఊహ," అని ఆవిడ హారాన్ని పెట్టెలో పెట్టేసింది. గండం గడిచిందనుకుని ఆయన వెళ్ళి క్యారెట్లు కడుక్కున్నాడు.

ప్రదర్శన రోజు ఆయన సూటు వేసుకున్నాడు. ఆవిడ తెల్ల కాలరున్న నల్ల గౌను వేసుకుంది. ఇద్దరూ మెట్లెక్కి పైకి వెళ్ళారు. హాలు మధ్యలో, దీపాల కింద ఆకుపచ్చ గౌను నిలబడి ఉంది. దాని మెడకి హారం ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాడు. ఇంకా దగ్గరికి వెళ్ళాడు.

అది ఆయనకి తెలిసిన హారం కాదు.

గుండీలు అలాంటివే, చక్రాలు అలాంటివే. కానీ ఒక్క మెలిక కూడా ఆయన వేసింది కాదు. అన్నీ ఎడమకి తిరిగి ఉన్నాయి, కొంచెం కొంచెం ఒరిగి, పక్కపక్కనే కూర్చున్న మనుషుల్లా. పక్కన చిన్న అట్ట మీద ఇలా రాసి ఉంది. 'హారం: పూసలావిడ, ఎడమ చేత్తో.'

ఆయన చేసిన హారం మూలగా, గాజు పెట్టెలో ఉంది. దాని అట్ట మీద, 'పని నేర్చుకుంటున్న వ్యక్తి చేసినది.'

టోపీ పెట్టుకున్న ఒకావిడ దాని మీదికి వంగి చూసి, పక్కనున్న మనిషితో, "పాపం, కొత్తవాళ్ళెవరో. అందం లేదు గానీ గట్టిగా చేశారు," అంది. పళ్ళ మేస్త్రి చుట్టూ చూసి, ఖాళీగా ఉన్న బెంచీ మీద కూలబడ్డాడు.

భార్య వచ్చి పక్కన కూర్చుంది.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"మొదటి రోజు పొద్దున్నే. తీగ అంచులు నున్నగా అరగదీశారు. మెడలో వేసుకునే నగలు ఎవరి చిగుళ్ళకీ గుచ్చుకోవండీ."

"మరి ఇది ఎప్పుడు చేశావు?"

"మీరు ల్యాబ్‌కి వెళ్ళాక, వాళ్ళ కొట్లో కూర్చుని. మొదట్లో ఎడం చెయ్యి అస్సలు మాట వినలేదు. మీ సూపులూ సాసులూ తిప్పీ తిప్పీ లొంగింది."

"అతుకులమ్మకి అంతా తెలుసా?"

"తెలుసు. కొక్కెం ఇరుక్కోవడం మాత్రం నటన కాదు."

"క్యారెట్టు నీళ్ళు?"

"అది శిక్ష," అంది ఆవిడ. గొంతు తగ్గించి మళ్ళీ అంది. "మీరెందుకు చేశారో నాకు తెలుసు. కోపం దాని గురించి కాదు. ముప్ఫై ఏళ్ళు చేసిన పని, నా మెలిక నేను గుర్తుపట్టలేనని ఎలా అనుకున్నారండీ? వేలు నొప్పికన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది."

ఆయన తల వంచుకున్నాడు. "పెట్టె మూసేస్తానన్నావు. మళ్ళీ ఆ ఎనిమిది నెలలు వస్తాయేమోనని భయమేసింది. అంతకన్నా ఏం ఆలోచించలేదు."

ఆవిడ ఆయన చేతి మీద తన ఎడమ చెయ్యి వేసింది. వేళ్ళ కొసలన్నీ తీగ గుచ్చుకుని గరుకుగా ఉన్నాయి.

మర్నాడు ఆదివారం. ఆయన పొయ్యి వైపు వెళ్ళబోతే ఆవిడ పిలిచి, కిటికీ దగ్గర రెండో కుర్చీ వేసింది. చేతికి తీగ, పటకారు ఇచ్చింది.

"ఒక మెలిక వెయ్యండి."

వేశాడు. ఆవిడ దీపం కింద పెట్టి చూసింది.

"విప్పండి."

"ఏమైంది దానికి?"

"బిగుసుకుపోయింది. నగ ఊపిరి పీల్చుకోవాలి, నోట్లో కూర్చోవడం కాదు. విప్పండి."

విప్పాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ విప్పమంది. అంచు ఎందుకు రుద్దారంది, కూర్చునే తీరు బాగాలేదంది, పటకారు పట్టుకోవడం కూడా రాదా అంది, అసలు ఇన్నాళ్ళూ జనం నోళ్ళలో ఏం పెట్టారో తలుచుకుంటే భయమేస్తోందంది. పన్నెండోసారి విప్పుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

"అయ్యో, గట్టిగా అన్నానా?"

"లేదు లేదు. చెప్పు. ఇంకా ఏం తప్పులున్నాయి?"

"చాలా ఉన్నాయి," అంటూ ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది.